దెడ్జా కొండల్లో ఆపరేషన్ థియేటర్: 26 వారాల ప్రాజెక్టు డైరీ

స్థలం: మలావీ, దెడ్జా జిల్లా. లిలాంగ్వే నుంచి బ్లాంటైర్ వెళ్లే ఎం1 రోడ్డు మీద దెడ్జా పట్నం వస్తుంది. అక్కడి నుంచి మట్టిరోడ్డు. చర్చి నడిపే చిన్న ఆసుపత్రి. సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తు. ఈ ఎత్తు సంగతి గుర్తుపెట్టుకోండి. నాకు అది ఎనిమిదో వారం దాకా తట్టలేదు.

నాది గుంటూరు జిల్లా. బయోమెడికల్ టెక్నీషియన్‌ని, లిలాంగ్వేలో ఉద్యోగం. సెలవులు, శని ఆదివారాలు కలిపి ఈ పని చేశాను. డబ్బు ఒక చిన్న సేవాసంస్థది. లెక్కలన్నీ అమెరికన్ డాలర్లలో. ఇలాంటి పని తలపెట్టిన వాళ్లు మా తప్పులు మళ్లీ చేయకూడదనే ఇదంతా రాసి పెడుతున్నాను.

దశ 1: లెక్క తీయడం (వారం 1, 2)

ఈ సంస్థ ఏడాదికి రెండుసార్లు సర్జన్లను తీసుకొచ్చి పది రోజుల క్యాంపు పెట్టేది. క్యాంపులో రోజుకు ఎనిమిది, తొమ్మిది ఆపరేషన్లు. వాళ్లు వెళ్లిపోయాక అదే గదిలో వారానికి మూడు కూడా జరిగేవి కావు.

చేసే మనిషి లేక కాదు. ఇక్కడ ఇద్దరు క్లినికల్ ఆఫీసర్లున్నారు, అంటే డాక్టరు డిగ్రీ లేకున్నా చికిత్సకి, ఆపరేషన్లకి శిక్షణ పొందినవాళ్లు. మలావీ జిల్లా ఆసుపత్రుల్లో సిజేరియన్లు ఎక్కువ భాగం చేసేది వీళ్లే, ఎంబీబీఎస్ డాక్టర్లు కాదు. చేతులున్నాయి, రోగులున్నారు. మరి ఎక్కడ ఆగుతోంది? థియేటర్ రిజిస్టరు తీసి అంతకు ముందు 12 వారాలు లెక్కపెట్టాను.

రాసుకున్నవి 61. జరిగినవి 34. జరగనివి 27. కారణాలు:

1. కరెంటు లేక: 9
2. స్టెరైల్ మూటలు (క్రిములు లేకుండా శుద్ధి చేసిన పనిముట్లు, గుడ్డల మూటలు) సిద్ధంగా లేక: 8
3. ఆక్సిజన్ లేక: 4
4. నీళ్లు లేక: 3
5. ఇతరం: 3

27లో 24 సర్జన్‌తో సంబంధం లేనివి. క్యాంపుల్లో ఇది బయటపడలేదు. వచ్చే బృందం జనరేటర్‌కి డీజిల్ తెచ్చుకునేది, స్టెరైల్ చేసిన గౌన్లు, గుడ్డలు పెట్టెల్లో తెచ్చుకునేది. అన్నీ పెట్టెల్లో వచ్చి పెట్టెల్లోనే వెళ్లిపోయేవి.

2015లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ ప్రపంచంలో 500 కోట్ల మందికి సురక్షితమైన, భరించగలిగే ఆపరేషన్ అందుబాటులో లేదని, ఏటా ఇంకో 14.3 కోట్ల ఆపరేషన్లు అవసరమని చెప్పింది. ఒక ఆసుపత్రి సత్తా చూడటానికి మూడు ఆపరేషన్లను కొలతగా పెట్టింది: సిజేరియన్, కడుపు తెరిచి చేసేది, ఎముక బయటపడిన ఫ్రాక్చర్‌కి చికిత్స. ఇవి రెండు గంటల దూరంలో దొరకాలి. వాన రోజున ఇక్కడి నుంచి జిల్లా ఆసుపత్రికి అంబులెన్సులో నేనే కూర్చుని వెళ్లి సమయం చూశాను: 1 గంట 50 నిమిషాలు. డ్రైవర్ దొరకడానికి పట్టే సమయం ఇందులో లేదు. కాబట్టి మా గురి ఒక్కటే, సిజేరియన్ ఏ రాత్రయినా ఇక్కడే జరగాలి.

*మొత్తం ఇప్పటికి: మీటర్లు, చిన్న పనిముట్లు 210 డాలర్లు.*

దశ 2: కరెంటు (వారం 3 నుంచి 7)

ముందు వోల్టేజి ఏడు రోజులు రికార్డు చేశాను. కనిష్ఠం 168, గరిష్ఠం 264. వారంలో 31 గంటలు అసలు లేదు. పోయినప్పటి కంటే తిరిగి వచ్చినప్పుడే ఎక్కువ నష్టం. స్టోర్ రూములో పడి ఉన్న యంత్రాల్లో కాలిపోయిన బోర్డులు దానికి సాక్ష్యం.

థియేటర్‌లో ఒక్కో యంత్రాన్నీ ప్లగ్ వాట్‌మీటర్‌తో కొలిచాను:

- ఆపరేషన్ లైటు (ఎల్‌ఈడీ): 60 వాట్లు
- ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ (గదిలో గాలి నుంచి ఆక్సిజన్ వేరుచేసేది, నిమిషానికి 10 లీటర్లు): 590
- సక్షన్ (రక్తం, ద్రవాలు పీల్చేది): 150
- మానిటర్: 40
- గది లైట్లు: 40
- డయాథర్మీ (కరెంటుతో కోసి రక్తం ఆపేది), వాడనప్పుడు: 50

మొత్తం 930 వాట్లు. ఒక సిజేరియన్‌కి ముందూ వెనకా కలిపి రెండు గంటలు, వెంటనే ఇంకొకటి వస్తే నాలుగు. 51.2 వోల్టుల, 100 యాంపియర్ అవర్ లిథియం బ్యాటరీ అంటే 5.12 యూనిట్లు. అందులో 80 శాతమే వాడుకుని ఇన్వర్టర్ నష్టం తీసేస్తే 3.7 మిగులుతుంది. సరిగ్గా నాలుగు గంటలు.

ఇక్కడ మూడు తప్పులు జరిగాయి.

మొదటిది, 930 వాట్లే కదా అని 1.5 కేవీఏ ఇన్వర్టర్ కొన్నాను. కాన్సన్‌ట్రేటర్ స్విచ్ వేయగానే ట్రిప్ అయింది. మళ్లీ వేశాను, మళ్లీ ట్రిప్. క్లాంప్ మీటర్ పెట్టి చూస్తే నడిచేటప్పుడు 2.6 యాంపియర్లు, కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో 14. నడిచే లోడుని కాక మొదలయ్యే లోడుని చూసి ఇన్వర్టర్ కొనాలి. నాకు తెలిసిన సంగతే, తొందరలో లెక్కలో వేయలేదు. 280 డాలర్లు వృథా. తర్వాత 5 కేవీఏ ప్యూర్ సైన్ వేవ్ పెట్టాం.

రెండోది, సోలార్ ఫ్రేము. మన దగ్గర ప్యానెళ్లు దక్షిణానికి తిప్పుతాం. అలవాటు కొద్దీ డ్రాయింగ్ అలాగే ఇచ్చాను. ఆసుపత్రి ఎలక్ట్రీషియన్ చూసి, "బాంబో, ఇక్కడ సూర్యుడు ఉత్తరాన ఉంటాడు" అన్నాడు. బాంబో అంటే వాళ్ల చిచేవా భాషలో అయ్యా అనే గౌరవపు పిలుపు. భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్నామన్న సంగతి అతను గుర్తు చేయకపోతే ఫ్రేము వెల్డింగ్ అయిపోయేది. 400 వాట్ల ప్యానెళ్లు ఆరు, ఉత్తరం వైపు, 15 డిగ్రీల వాలు.

మూడోది, ఎర్తింగ్. పాత ఎర్త్ రాడ్డు కొలిస్తే 140 ఓములు. రాతి నేల, ఎండాకాలం ఇంకా పెరుగుతుంది. మూడు రాడ్లు దూరదూరంగా దింపి, ఉప్పు, బొగ్గు వేసి, కలిపి కడితే 9కి వచ్చింది. డయాథర్మీ వాడే గదిలో దీన్ని వాయిదా వేయకండి.

మూటలని ఆవిరితో స్టెరైల్ చేసే ఆటోక్లేవ్ 3 కిలోవాట్లు. దాన్ని బ్యాటరీ మీద పెట్టే ఆలోచనే వద్దు. దానికి గ్యాస్ స్టవ్.

*ఖర్చు: బ్యాటరీ 1,450, ఇన్వర్టర్లు 280 + 620, ప్యానెళ్లు 720, కేబుల్, బ్రేకర్లు, ఎర్తింగ్, ఫ్రేము 430, స్టెబిలైజర్ 160. దశ మొత్తం 3,660. ఇప్పటికి 3,870.*

దశ 3: ఆక్సిజన్ (వారం 6 నుంచి 8)

స్టోర్ రూములో విరాళంగా వచ్చిన కాన్సన్‌ట్రేటర్లు ఐదున్నాయి. అన్నిటి మీదా "పనిచేయదు" అని కాగితం. ఆక్సిజన్ ఎనలైజర్ పెట్టి చూశాను. 82 శాతం కంటే తక్కువొస్తే రోగికి పెట్టకూడదు.

1. నంబర్ 1: ఫిల్టర్ మూసుకుపోయింది, అంతే. మార్చాక 93 శాతం.
2. నంబర్ 2: స్టార్ట్ కెపాసిటర్ పోయింది. మార్చాక 91.
3. నంబర్ 3: నడుస్తుంది, కానీ 62. లోపల ఆక్సిజన్‌ని వేరుచేసే జియోలైట్ గుళికలు తేమ తాగేశాయి. ఆ గుళికలుండే కొత్త డబ్బాలు (సీవ్ బెడ్లు) వేశాక 92.
4. నంబర్ 4, 5: బోర్డులు కాలిపోయాయి. విడిభాగాల కోసం ఉంచాం.

నంబర్ 1 ఏడాదిన్నరగా మూలన పడి ఉందట. పది డాలర్ల లోపు ఫిల్టర్ కోసం. అది విన్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండు యంత్రాలు ఇండియా నుంచి వచ్చినవి. మన గుండ్రటి పిన్నులు ఇక్కడి చదరపు పిన్నుల సాకెట్లో పట్టవు. ప్లగ్ కోసేసి తీగలు నేరుగా సాకెట్లోకి గుచ్చి, అగ్గిపుల్లతో బిగించి వాడారు. ఆ మనుషుల తప్పు కాదు, వాళ్లకి ఎవరూ ప్లగ్ ఇవ్వలేదు. యంత్రం పంపేవాళ్లు ఆ దేశపు ప్లగ్ బిగించి, రెండేళ్లకి సరిపడా ఫిల్టర్లు కూడా పంపాలి.

మత్తు యంత్రం మాత్రం బాగుంది. యూనివర్సల్ అనస్థీషియా మెషీన్ అనే రకం. పాల్ ఫెంటన్ అనే డాక్టరు మలావీలోనే, బ్లాంటైర్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన అనుభవంతో రూపొందించింది. ఆక్సిజన్ ఆగిపోతే గదిలో గాలి తీసుకుని నడుస్తుంది. ఇలాంటి చోట పుట్టిన యంత్రం కాబట్టే ఇన్నేళ్లూ పాడవకుండా ఉంది.

*దశ ఖర్చు 460. ఇప్పటికి 4,330.*

దశ 4: ఆవిరి (వారం 8 నుంచి 14)

ఇది రెండు వారాల పని అనుకున్నాను. ఏడు పట్టింది.

మొదటి చూపుకి సమస్య ఏమీ లేదు. ఆటోక్లేవ్ పాతదే కానీ గట్టిది. గేజ్ ముల్లు 15 పీఎస్‌ఐ (పీడనం కొలత) దగ్గర ఆకుపచ్చ గీతకి వస్తుంది. 20 నిమిషాలు ఉంచుతారు. మూట మీద టేపు నల్లగా మారుతుంది. థియేటర్ సిస్టర్ ఏ ఒక్క మెట్టూ వదలదు. నేను ఆమెని అక్కడి మర్యాద ప్రకారం మాయి అని పిలుస్తాను. ఆమె రిజిస్టరులో ప్రతి రౌండూ చక్కటి చేతిరాతతో నమోదయి ఉంది.

అనుమానం వచ్చింది వంటింట్లో. మలావీలో కందులు బాగా పండుతాయి, నాండోలో అంటారు. మన దేశానికి ఎగుమతి కూడా అవుతాయి. ఆ ఆదివారం గెస్ట్ హౌస్‌లో కందిపప్పు గిన్నెలో పెట్టాను. గంట దాటినా పలుకు పోలేదు. మరుగుతున్న నీళ్లలో థర్మామీటర్ పెడితే 95 డిగ్రీలు.

నీళ్లు 95కే మరిగే చోట ఆటోక్లేవ్ గేజ్ మీద 15 ఉంటే లోపల స్టెరైల్ కావడానికి కావాల్సిన 121 డిగ్రీలు ఉండదు! గేజ్ చూపేది బయటి గాలి కంటే లోపల ఎంత ఎక్కువ ఉందనే. బయటి గాలే పలచగా ఉంటే మొత్తం పీడనం తగ్గుతుంది, ఆవిరి వేడీ తగ్గుతుంది. 15 అనే ఆ ఆకుపచ్చ గీత సముద్రమట్టం దగ్గర పనిచేసే వాళ్లకి గీసింది. స్టవ్ మీది గిన్నె దించేసి థియేటర్‌కి నడిచాను.

పరీక్షలు (గరిష్ఠ వేడిని పట్టి ఉంచే లాగర్ మూట మధ్యలో పెట్టి):

1. రన్ 1: 15 పీఎస్‌ఐ, 20 నిమిషాలు. వేడి 117.8. టేపు నల్లబడింది. ఇంటిగ్రేటర్ స్ట్రిప్ (వేడి, సమయం, ఆవిరి మూడూ సరిపోతేనే పాస్ చూపే కాగితం) ఫెయిల్.
2. రన్ 2: 17.5 పీఎస్‌ఐ. లెక్క ప్రకారం 121 రావాలి. వచ్చింది 118.9. స్ట్రిప్ మళ్లీ ఫెయిల్.
3. రన్ 3: 17.5, గాలి బాగా వెళ్లగొట్టాక. 121.2. పాస్.

టేపు నల్లబడటానికి అర్థం మూటకి ఆవిరి తగిలిందనే. సూక్ష్మజీవులు చచ్చాయని కాదు. ఈ ఒక్క తేడా తెలియక ఎన్ని ఆసుపత్రుల్లో టేపునే నమ్ముతున్నారో.

రన్ 2 ఎందుకు పోయిందో తేలడానికి తొమ్మిది రోజులు పట్టింది. గేజ్ తప్పేమోనని కొత్తది తెప్పించాను. పాతదానికీ దానికీ అర పీఎస్‌ఐ కూడా తేడా లేదు. చివరికి మూత విప్పి చూస్తే, అడుగున ఉన్న గాలిని బయటికి పంపే సన్నటి గొట్టం ఉప్పు పేరుకుని మూసుకుపోయి ఉంది. గాలి ఆవిరి కంటే బరువు, అడుగున చేరి కూర్చుంటుంది. పీడనం ఉంటుంది, వేడి ఉండదు. వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి సైకిల్ బ్రేకు తీగతో శుభ్రం చేశాను.

ఇప్పుడు గోడ మీద ఉన్న పద్ధతి:

1. బోరు నీళ్లు వద్దు. వాననీళ్లు లేదా కాచి తేరిన నీళ్లు.
2. ఆవిరి ధారగా వచ్చాక వాల్వు 10 నిమిషాలు తెరిచే ఉంచాలి. తర్వాతే మూయాలి.
3. 17.5 చేరాక గడియారం మొదలు. 30 నిమిషాలు.
4. ప్రతి రౌండులో మూట మధ్య స్ట్రిప్ ఒకటి.
5. సోమవారం స్పోర్ పరీక్ష (మొండి క్రిములున్న సీసాలు ఆటోక్లేవ్‌లో పెట్టి, అవి చచ్చాయో లేదో చూడటం), పైన, మధ్యన, అడుగున.

గేజ్ మీద కొత్త గీత మాయి తన కూతురి ఎర్ర గోళ్ల రంగుతో గీసింది. ఒక హెచ్చరిక: సేఫ్టీ వాల్వు ఎంతకి తెరుచుకుంటుందో చూడకుండా పీడనం పెంచకండి. మాది 22. మీది 18 అయితే పీడనం పెంచొద్దు, వేరే దారి చూసుకోవాలి.

మొదటి స్పోర్ పరీక్షలో మూడు సీసాలూ 48 గంటల తర్వాత రంగు మారలేదు, అంటే క్రిములు చచ్చాయి. ఆవిరి పట్టని పోలిక సీసా మాత్రం పసుపైంది. మాయి ఆ నాలుగు సీసాలనీ కిటికీలో వరుసగా పెట్టి చాలాసేపు చూస్తూ నిలబడింది. తర్వాత, "అయితే ఇన్నాళ్లూ నేను చేసింది?" అంది. పాత రిజిస్టరులో 34 ఆపరేషన్లకి ఆరు గాయాలు చీము పట్టినట్టు ఉంది. ఆ ఆరూ ఆవిరి వల్లే అని రుజువు చేయలేం, కాదని చెప్పి ఆమెని ఓదార్చనూ లేను. ఆమెకి ఇచ్చిన సూచనల కాగితంలోనే తప్పుంది, ఆమె చేతుల్లో లేదు అని మాత్రం చెప్పాను. అదే నిజం.

తర్వాతి చిక్కు తడి మూటలు. స్టెరైల్ అయి బయటికొచ్చిన మూటలు పిండితే నీళ్లొచ్చేలా ఉన్నాయి. జూన్, జూలైలలో ఇక్కడ చలి బాగా ఎక్కువ. గుంటూరులో ముప్పయ్యేళ్లు థియేటర్ నర్సుగా చేసి రిటైరైన మా పెద్దమ్మకి ఫోన్ చేశాను. "తడి మూట స్టెరైల్ కాదురా నాన్నా. తడిలోంచి క్రిములు లోపలికి పాకుతాయి. అది విప్పి మళ్లీ పెట్టాల్సిందే. ఇంతకీ వేడి మూట తీసి ఇనుప బల్ల మీద పెడుతున్నారా?" అంది. సరిగ్గా అదే చేస్తున్నాం.

ఆమె చెప్పినవి:

1. మూటలు పడుకోబెట్టొద్దు, పుస్తకాల్లా నిలబెట్టాలి. మధ్యలో చెయ్యి దూరాలి.
2. ఆవిరి వదిలాక మూత వేలెడంత తెరిచి అరగంట లోపలే ఉంచాలి.
3. తీశాక చెక్క అర మీద, గుడ్డ పరిచి పెట్టాలి. పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోవద్దు.
4. గుడ్డలు బిగించి కట్టొద్దు.

తడి మూటలు: మార్పుకి ముందు 20కి 13. మార్చాక 20కి 2. మూట గుడ్డలు సంతలో టైలర్ చేత రెండు పొరల కాటన్‌తో కొత్తగా కుట్టించాం.

*ఖర్చు: స్ట్రిప్పులు, స్పోర్ సీసాలు 260, గేజ్, రబ్బరు 85, గ్యాస్ స్టవ్, సిలిండర్లు 230, లాగర్ 120, గుడ్డ, కుట్టుకూలి 140. దశ మొత్తం 835. ఇప్పటికి 5,165.*

దశ 5: నీళ్లు (వారం 12, 13)

వెయ్యి లీటర్ల ట్యాంకులు రెండు, ఇనుప స్టాండు, మోచేత్తో తిప్పే కుళాయిలు. ఇబ్బంది ఏమీ రాలేదు.

*దశ ఖర్చు 610. ఇప్పటికి 5,775.*

దశ 6: మనుషులు (వారం 14 నుంచి)

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ భద్రతా పట్టికలో 19 అంశాలుంటాయి. 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఎనిమిది నగరాల్లో దాన్ని పరీక్షించారు, వాటిలో టాంజానియాలోని ఇఫాకారా, మన న్యూఢిల్లీ ఉన్నాయి. కాగితం గోడకి అంటించాం. మొదటి రెండు వారాలు అన్ని గళ్లూ ఆపరేషన్ అయ్యాక ఒకేసారి టిక్కు పెట్టారు.

మార్చింది ఒక్కటే. పట్టిక ఆపరేషన్ చేసేవారి చేతిలోంచి తీసి నర్సు చేతికిచ్చాం. ఆమె గట్టిగా చదివి జవాబులు వినేదాకా కత్తి అందించరు. చిన్నవాళ్లు పెద్దవాళ్లని ఆపడం ఇక్కడా కష్టమే, మన దగ్గరలాగే. పెద్ద క్లినికల్ ఆఫీసరే మొదటి రోజు చేతులు కట్టుకుని, "చదవండి మాయి, వింటాను" అన్నారు. ఆ తర్వాత ఎవరికీ ఇబ్బంది లేదు. నాలుగో వారం ఒక ఆపరేషన్‌లో లెక్కపెడితే ఒక స్వాబ్ (రక్తం అద్దే గుడ్డ) తక్కువొచ్చింది. కుట్లు వేయకుండా వెతికితే కడుపులోనే దొరికింది.

హెర్నియా విషయం. ఉగాండాలో మామూలు దోమతెర గుడ్డని స్టెరైల్ చేసి, హెర్నియా ఆపరేషన్‌లో లోపల కుట్టే ఖరీదైన జాలి (మెష్)తో పోల్చిన పరీక్ష 2016లో వచ్చింది, ఏడాది తర్వాత ఫలితాల్లో పెద్ద తేడా కనిపించలేదు. ఈ దారి మహారాష్ట్రలోని దొండాయిచాలో డాక్టర్ రవీంద్రనాథ్ టోంగావ్‌కర్ అంతకు ముందే చూపించారు. ఇక్కడా వాడదామని సంస్థలో కొందరు అడిగారు. నేను వద్దన్నాను. ఆ గుడ్డ ఎక్కువ వేడికి కరుగుతుంది, తక్కువ వేడికి శుద్ధి కాదు. మా ఆవిరి ఆరు నెలలు నిలకడగా ఉందని స్పోర్ రికార్డు చూపాకే ఆ మాట, అదీ సర్జన్ నిర్ణయం. అప్పటిదాకా కుట్లతోనే.

హెర్నియా రోగులు మే నుంచి జూలై దాకా వస్తామంటారు, మొక్కజొన్న కోత అయ్యాక. నవంబర్‌లో విత్తనాల వేళ తేదీ ఇస్తే రారు. ఆపరేషన్ అయ్యాక బరువు ఎత్తకూడదంటే పొలం ఎవరు దున్నాలి? రోగితో వచ్చే బంధువు కూడా వంట చేస్తూ ఇక్కడే ఉండాలి, అంటే ఇంట్లో ఇద్దరి పని ఆగుతుంది. అందుకని దారిఖర్చుకి, పిండికి చిన్న నిధి పెట్టాం.

*ఖర్చు: పల్స్ ఆక్సీమీటర్ 250, దారిఖర్చు నిధి 400. ఇప్పటికి 6,425.*

దశ 7: మళ్లీ లెక్క (వారం 15 నుంచి 26)

అదే రిజిస్టరు, అదే 12 వారాల కొలత.

రాసుకున్నవి 70. జరిగినవి 59. జరగనివి 11:

1. రోగి రాలేదు: 5
2. రక్తం దొరకలేదు: 2
3. మత్తు ఇచ్చే ఆఫీసర్ సెలవు: 2
4. కరెంటు: 1 (బ్యాటరీ వైరు ఎలుక కొరికింది, ఇప్పుడు ఇనుప గొట్టంలో వేశాం)
5. స్టెరైల్ మూటలు: 1

చీము పట్టిన గాయాలు 59లో 3. రాత్రి 8 తర్వాత జరిగిన సిజేరియన్లు 14. పాత 12 వారాల్లో అవి రెండు.

మిగిలిన పని

మత్తు ఇచ్చే ఆఫీసర్ ఒక్కరే. ఆయన లేని రోజు పై లెక్కలేవీ పనికిరావు. రెండో మనిషి శిక్షణకి సంస్థ డబ్బిస్తానంది, ఎవరిని పంపాలో ఆసుపత్రి చెప్పాలి.

ఆటోక్లేవ్ మూత రబ్బరు మూడు స్పేర్ తెప్పించాను. నిన్న పెట్టె తెరిచి కొలిస్తే 3 మిల్లీమీటర్లు చిన్నవి. మోడల్ నంబరు చూసి ఆర్డరిచ్చాను, పాత రబ్బరుని స్కేలుతో కొలవలేదు. మీరు కొలిచి ఇవ్వండి. ఉన్న రబ్బరు ఇంకో నెల ఆగేలా ఉంది. సరైన సైజుకి ఈ ఉదయం మళ్లీ ఆర్డరు పెట్టాను. వచ్చే సోమవారం స్పోర్ పరీక్ష మాయి ఒక్కతే చేస్తుంది.